చదువు దోసిలి

పారిజాతం పదకొండోసారి మూర్ఛపోయిన చోట పుస్తకం అయిపోయింది.

కథ అయిపోలేదు, పుస్తకం మాత్రమే అయిపోయింది. రెండు వందల పన్నెండో పేజీ అడుగున, మేడమెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించిందనీ, ఆ వచ్చినదెవరో చూసి పారిజాతం కెవ్వున కేకవేసి మూర్ఛపోయిందనీ ఉంది. ఫెబా గోటితో పేజీ తిప్పింది. అవతల పేజీకి బదులు అట్ట ఉంది. కుట్టు దగ్గర చింపిన కాగితాల మొదళ్ళు గోరంత వెడల్పున వరసగా పది ఉన్నాయి.

"వచ్చిందెవరే?" అంది వెంకటరావమ్మ, ముక్కుకు కట్టుకున్న తువ్వాలు కిందికి లాక్కుని.

"లేదు పిన్నీ."

"లేకపోవడమేందే, అడుగుల చప్పుడు వినపడిందిగా!"

"పేజీలు లేవు. ఎవరో చింపుకుపోయారు."

షెడ్డులో ముప్పై జతల చేతులు ఒక్కసారిగా ఆగాయి. చేతులు ఆగడమన్నది అక్కడ మామూలు సంగతి కాదు. జ్వరం వచ్చినా, కబురు వచ్చినా ఆడుతూనే ఉంటాయి. గుమస్తా లక్ష్మీకాంత్ కుర్చీలోంచి లేచి, "ఏందమ్మా, ఎవరన్నా పోయారా?" అని అడిగాడు.

"పేజీలు పోయినయ్యి" అంది వెంకటరావమ్మ, మనిషి పోయినంత బాధగా.

అద్దంకి అవతల ఒక కోల్డ్ స్టోరేజీ వెనక ఉంది ఆ రేకుల షెడ్డు. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా అందులో ఎండుమిరపకాయల కుప్పల చుట్టూ కూర్చుని ఆడవాళ్ళు ముచ్చికలు తీస్తారు. ముచ్చికంటే కాయ తొడిమ. అది తీస్తే కాయకు విలువ పెరుగుతుంది, తీసినవాళ్ళకు దగ్గు పెరుగుతుంది. సాయంత్రానికి చేతులు భగ్గున మండుతుంటే మజ్జిగలో ముంచుకుని ఇంటికి పోతారు. మర్నాడు మళ్ళీ వస్తారు.

ఆ షెడ్డుకు ఒక ఆచారముంది. ఒకరు చదవాలి, మిగతావాళ్ళు వినాలి. చదివేవాళ్ళు ముచ్చికలు తీయరు గనక వాళ్ళ తట్ట ఖాళీగా ఉంటుంది. అందుకని సాయంత్రం కాటా వేసేముందు ఒక్కొక్కరూ తాము ఒలిచిన కాయల్లోంచి దోసెడు తీసి చదివినామె తట్టలో పోస్తారు. దాన్ని చదువు దోసిలి అంటారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరూ చెప్పలేరు. గుమస్తాలు మారారు, మిరప రకాలు మారాయి, దోసిలి మాత్రం మారలేదు.

తొమ్మిదేళ్ళుగా ఆ దోసిలి ఫెబాది. ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. మొగుడు పోయాడు, ఆయాసం మిగిలింది. పొలంలో వంగితే ఊపిరాడదు. కుప్ప దగ్గర అరగంట కూర్చుంటే గుక్క తిరగదు. గాలి వచ్చే గుమ్మంలో కూర్చుని చదవడం ఒక్కటే ఆమె చెయ్యగల పని. వాళ్ళ నాన్న గుడిలో బైబిలు వాక్యం చదివేవాడు. ఉన్న అక్షరం మింగకూడదు, లేని అక్షరం కలపకూడదని కూతురికి చిన్నప్పుడే నేర్పాడు. నవల చదివినా ఫెబా అదే నియమం పాటించేది. ముందు పేజీలు తిప్పి చూసేది కాదు, నచ్చని చోట దాటేసేది కాదు. హీరో చుబుకాన్ని రచయిత్రి ఒకే పేజీలో మూడుసార్లు పొగిడితే మూడుసార్లూ చదివేది. "ఫెబా ఉన్నదే చదువుద్ది" అని షెడ్డులో పేరు. ఆ పేరు మీదే ఆమె బతుకుతోంది.

ఇప్పుడు చదివే పుస్తకం 'పాలరాతి మేడలో పారిజాతం'. అద్దంకిలో మాబు సాహెబ్ అద్దె పుస్తకాల కొట్టులోది. అసలు అట్ట ఎప్పుడో ఊడిపోతే ఆయన రెండు వైపులా ఒకే రకం గోధుమరంగు అట్ట వేసి కుట్టించాడు. ఏది ముందో ఏది వెనకో తెరిచి చదివితేనే తెలుస్తుంది. హీరో విక్రమసింహ ఆరడుగుల రెండంగుళాలు. ఏడు ఫ్యాక్టరీలున్నాయి గానీ ఇన్ని పేజీల్లో ఒక్కదానికీ వెళ్ళిన పాపాన పోలేదు. పొద్దస్తమానం మెట్ల మీద నిలబడి పారిజాతాన్ని నిర్లక్ష్యంగా చూడడమే అతని వ్యాపారం. పారిజాతం బీద టైపిస్టు. జుట్టు మోకాళ్ళదాకా, ఆత్మాభిమానం అంతకన్నా పొడుగు. నలభయ్యో పేజీలో విక్రమసింహ మేనత్త రాజ్యలక్ష్మీదేవి బాదంపాలు తాగి చచ్చిపోయింది. విషం కలిపింది ఎవరో తెలియదు. పాలు తీసుకెళ్ళింది పారిజాతం కాబట్టి అందరూ ఆమెనే అనుమానిస్తారు. ఆమె మూర్ఛపోతూ ఉంటుంది.

"ఆరడుగుల రెండంగుళాలోణ్ణి తెచ్చి మన మిరపచేలో నిలబెడితే పిట్టలన్నా బెదిరేయి" అనేది వెంకటరావమ్మ. అందరిలోకీ పెద్దది ఆవిడే, నోరు కూడా ఆవిడదే పెద్దది.

"మనం అన్నిసార్లు పడిపోతే ఆస్పత్రిక్కూడా తీసకపోరు. పక్కకు లాగి పడుకోబెట్టి మన కుప్ప ఇంకొకళ్ళకిస్తారు" అనేది లిడియా. ఆమె అందరిలోకీ చిన్నది.

ఎగతాళి ఎంత చేసినా వినడం మాత్రం ఎవరూ మానలేదు. ఆ మేడలో మొక్కలు కూడా నీళ్ళు పోయించుకుని బతుకుతుంటే ఈ షెడ్డులో మనుషులు మంచినీళ్ళ బిందె ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. అయినా రోజుకో గంటసేపైనా ఆ పాలరాయి మీద నడిచి రావాలని వీళ్ళకుంది. ఉంటే తప్పేమిటి?

"ఇంకెందుకు పిన్నీ ఈ తలనొప్పి" అంది లిడియా ఆ సాయంత్రం. "నా ఫోన్లో కథలు వస్తయ్యి. స్పీకర్ పెడితే అదే చదువుకుంటా పోద్ది. పేజీలు చింపేవాళ్ళు ఉండరు, దోసిలి పొయ్యక్కర్లా."

చివరి మాట దగ్గర చాలామంది తలలెత్తారు.

"ఆలోచించాల్సిందే" అన్నాడు లక్ష్మీకాంత్. "సోమవారం నాటికి కథ పూర్తి చెయ్యి ఫెబమ్మా. లేదంటే నువ్వూ కుప్ప దగ్గర కూర్చో. నేనేం చెయ్యను మరి."

ఆ రాత్రి ఫెబాకు కథలో హంతకుడి బెంగ లేదు. కుప్ప దగ్గర కూర్చుంటే తను ఎన్ని రోజులు ఉంటుందన్నదే బెంగ.

మర్నాడు శుక్రవారం పని దిగాక ఆటో ఎక్కి మాబు సాహెబ్ కొట్టుకు వెళ్ళింది. ఒకప్పుడు నాలుగు గోడలా పుస్తకాలుండేవి. ఇప్పుడు మూడు గోడలకు జిరాక్సు మిషను, రీచార్జి బోర్డులు, మొబైల్ కవర్లు వచ్చాయి. నాలుగో గోడకు ఒకే ఒక్క బీరువా మిగిలింది.

"ఇంకో కాపీ ఉందా సాయిబుగారూ?"

"లేదమ్మా. అసలా బీరువానే వచ్చేవారం తూకానికి ఇచ్చేస్తున్నా."

"పోనీ చివరికి ఏమవుతుందో చెప్పండి. విషం కలిపింది ఎవరు?"

మాబు సాహెబ్ నొచ్చుకున్నాడు. "నలభై ఏళ్ళు అద్దెకిచ్చానమ్మా, ఒక్కటీ చదవలా. మిఠాయి కొట్టోడు మిఠాయి తింటాడా?" కళ్ళజోడు తుడుచుకుని పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. "వెనక పది పోయినయ్యి, ముందు ఒకటి పోయింది. ఇద్దరు దొంగలమ్మా నీకు."

ఫెబా పుస్తకం చటుక్కున లాక్కుని సంచీలో పెట్టుకుంది. ముందు కాగితం సంగతి ఆమెకు తెలుసు. చింపింది ఆమే.

మూడు వారాల కిందట, ఈ పుస్తకం మొదలుపెట్టిన రోజున జరిగింది అది. మొదటి కాగితం ఖాళీగా ఉండాలి, దాని మీద పైన పేరు, కింద ఏవో వరసలు పెన్నుతో ఎవరో రాశారు. ఉన్నది చదవడం అలవాటైన నోరు గదా, "రిహానా" అని పైకి చదివేసింది. రెండేళ్ళ కిందట కోతలకు పోతున్న ఆటోను లారీ గుద్దినప్పుడు చనిపోయిన ముగ్గురిలో రిహానా ఒకతి. ఇంటర్ చదివిన పిల్ల, అప్పట్లో ఈ పుస్తకం అద్దెకు తెచ్చుకున్నట్టుంది. దాని తల్లి రసూల్‌బీ అప్పుడు నాలుగు గజాల దూరంలోనే కూర్చుని ముచ్చికలు తీస్తోంది. ఫెబా అక్కడే ఆగిపోయి, పేజీ తిప్పి కథ మొదలుపెట్టింది. రసూల్‌బీ ఏమీ అడగలేదు. ఆమె కాయ మీది నుంచి చూపు కూడా ఎత్తలేదు.

ఇంటికెళ్ళాక ఫెబాకు భయం పట్టుకుంది. పుస్తకం అందరి చేతుల్లో తిరుగుతుంది. ఏ నోటి దురదదో ఆ తల్లి ఎదురుగా మొత్తం చదివి పుండు రేపుతుందని అనుకుంది. తెల్లవారుజామున ఆ కాగితం చింపి నీళ్ళపొయ్యిలో వేసింది. మంట అంటుకునే లోపల పేరు కింద మొదటి వరస మాత్రం కంటపడింది: 'ఈ పుస్తకం అమ్మకి చదివి వినిపించాలి.' కింద ఇంకా రెండు మూడు వరసలున్నాయి. చదవలేదు. మంచిపని చేశానని అప్పుడు ఆమె అనుకుంది కూడా.

శనివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక వెంకటరావమ్మ పంచాయితీ పెట్టింది. పుస్తకం ఎప్పుడూ మంచినీళ్ళ బిందె పక్కన మేకుకు గుడ్డసంచీలో వేలాడుతుంది గనక అందరూ అనుమానితులే. విక్రమసింహకు డిటెక్టివ్ మిత్రుడొకడు ఉన్నాడు, పైపు కాలుస్తాడు. వెంకటరావమ్మ నోట్లో పైపుకు బదులు వక్కపొడి ఉంది.

"ఏమే లిడియా, నీకా ఇక్రమసింహ అంటే పడదుగా? నువ్వేగా చింపింది?"

"నాకు ఆడు పడకపోతే మొదట్నించే చింపేదాన్ని, ఆఖరిదాకా ఎందుకు భరిస్తా?"

ఆ వాదన అందరికీ సబబుగా తోచింది. లక్ష్మీకాంత్ మీద కూడా అనుమానం వచ్చింది గానీ, ఆయన పని మానుకుని పది కాగితాలు చింపేంత శ్రమ పడే మనిషి కాడని తేలిపోయింది. చివరికి వెంకటరావమ్మ తీర్పు చెప్పింది. ప్రతి ఒక్కరూ పుస్తకం చేతిలోకి తీసుకుని, తెరిచి, నేను చింపలేదని ప్రమాణం చెయ్యాలి. చింపినామె చెయ్యి వణుకుతుందని ఆవిడ నమ్మకం.

పుస్తకం చేతులు మారింది. అందరి చేతులూ వణికాయి, మిరపమంటకు రోజూ వణికే చేతులే అవి. ఒక్కొక్కరూ అట్ట తెరవడం, నవ్వు ఆపుకుంటూ ప్రమాణం చెయ్యడం, పక్కామెకు ఇవ్వడం. అలా రసూల్‌బీ దగ్గరికి వచ్చింది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, పుస్తకం కళ్ళకద్దుకుని, కుట్టు కుడివైపుకు వచ్చేలా పట్టుకుని తెరిచింది. మిగతా అందరికీ వెనక అట్ట అయినది ఆమెకు ముందు అట్ట అయింది. ఆమె బొటనవేలు తిన్నగా ఆ చింపిన మొదళ్ళ మీదికి పోయి ఆగింది.

"నాకు చదువు రాదుగదమ్మా, నాకెందుకు ఇది" అని మెల్లగా అని పక్కామె చేతిలో పెట్టేసింది. ప్రమాణం చెయ్యలేదు. వెంకటరావమ్మ గమనించలేదు. ఫెబా ఒక్కతే గమనించింది.

రసూల్‌బీకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. చిన్నప్పుడు మసీదు దగ్గర అరబ్బీ పాఠం చదువుకుంది. ఆమె చేత్తో పట్టిన పుస్తకమంటే అదొక్కటే. ఆ పుస్తకం కుడివైపు నుంచి మొదలవుతుంది. మొదటి కాగితం మీద కూతురి పేరుందని విన్న తల్లి, మొదటి కాగితం కోసం ఏ వైపు తెరుస్తుంది?

ఆదివారం గుడి వదిలాక, తెల్లచీరతోనే రసూల్‌బీ ఇంటికి వెళ్ళింది. దారి పొడుగునా చెప్పవలసింది మనసులో అనుకుంటూనే ఉంది. గోల చెయ్యకూడదు. పేరు బయటపెట్టనని చెప్పాలి. కాగితాలు తీసుకోవాలి, మాబు సాహెబ్ బీరువాలో దొరికాయని షెడ్డులో చెప్పాలి, ఆఖరి పేజీదాకా చదివెయ్యాలి. గుమ్మంలో చోటు నిలుస్తుంది. అంతవరకే ఆలోచించింది. అక్కడికే ఆయాసం వచ్చింది.

ఒకే గది. ఎండ రేకుల మీది నుంచి దిగుతోంది. రసూల్‌బీ ఫెబాను చూసి, ఎందుకొచ్చావని అడగలేదు. నీళ్ళిచ్చింది. తర్వాత గూట్లోంచి ఆకుపచ్చ చున్నీ మూట తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వొస్తావనుకున్నా. నిన్ననే నీ కళ్ళు చూశా."

"అక్కా, నేనెవరికీ..."

"దొంగతనమే ఫెబా. కాదనను." చున్నీ మడతలు ఒక్కొక్కటే విప్పింది. "దాని ఫోటో ఆధార్ కార్డు మీద ఒకటుంది, అది దానిలా ఉండదు. దాని చేతిరాత ఇంట్లో ముక్క లేదు. పుస్తకాలన్నీ పక్కింటి పిల్లలకిచ్చేశాం అప్పుడు. నువ్వు పేరు చదివావుగా ఆరోజు. చదివి ఆగిపోయావు."

"ఆగిపోయానక్కా."

"ఎందుకాగిందా అని మూడు రోజులు నిద్ర పట్టలా. ఏ కుర్రాడి పేరన్నా రాసుకుందేమో, చనిపోయిన పిల్లని పదిమంది నోళ్ళలో ఎయ్యడం ఎందుకని ఆగావేమో అనుకున్నా. అందుకే నిన్ను అడగలా. ఎవర్నీ అడగలా. మొదట ఉన్నయ్యన్నీ తెచ్చుకున్నా. ఏ కాగితం మీద రాసిందో తెలియదుగా."

ఆమె మొదటిదని అనుకుంటున్న కాగితం ఫెబాకు అందించింది. రెండు వందల ముప్పై రెండో పేజీ. అచ్చు సగంలో అయిపోయి 'సమాప్తం' అని ఉంది. కింద ఖాళీలో నీలం పెన్నుతో నాలుగు వరసలు. అద్దె పుస్తకాల చివర ఎవరో ఒకరు రాసి పెట్టే రాతే అది. ఫెబా కళ్ళతో చదువుకుంది.

'ఇది రాసినామెకు ఒక దండం.
చదివిన నాకు రెండు దండాలు.
ఈ టైములో రెండు బస్తాల కాయలు ఒలిచేదాన్ని.
ఇట్లు, ఒక పిచ్చిది.'

మామూలుగా అయితే పగలబడి నవ్వేది. ఆ కాగితం అంచులు నూనె చేతులతో పట్టి పట్టి మెత్తబడిపోయాయి. నీలం సిరా మీద రెండు చోట్ల తడి తగిలి అలుక్కుపోయింది. ఇన్ని రోజులుగా ఈ తల్లి ముద్దుపెట్టుకుంటున్నది ఈ ఎగతాళినా అనుకునేసరికి ఫెబాకు తన మీద తనకే అసహ్యం వేసింది. అసలైన రాత బూడిదై మూడు వారాలైంది. దాన్ని తగలేసినామె మొన్నటినుంచీ దొంగ ఎవరని వెతుకుతోంది.

"చదువు. చెడ్డదైనా సరే, ఉన్నది చదువు. నువ్వు ఉన్నదే చదువుతావుగా, అందుకే నీకిచ్చా" అంది రసూల్‌బీ.

నిజం చెప్పాలని ఫెబా నోరు తెరిచింది. అక్కా, ఇది నీ పిల్ల రాత కాదు, నీ పిల్ల రాత నేను తగలేశాను అని. ఎదురుగా ఆ కళ్ళు. ఆ మాట అన్నాక ఈ మనిషి దగ్గర ఇంకేం మిగులుతుంది? ఫెబాకు ధైర్యం చాలలేదు. దయ అనుకున్నా సరే, పిరికితనం అనుకున్నా సరే, మొదటి వరస మీద వేలు పెట్టింది.

"ఈ పుస్తకం అమ్మకి చదివి వినిపించాలి."

ఈగ ఒకటి గ్లాసు అంచు మీద తిరుగుతోంది. రసూల్‌బీ ఆ కాగితం మీదికి వంగి, "అంతేనా? కుర్రాడి పేరు లేదా?" అంది.

"లేదక్కా. అమ్మకి అని ఉంది."

"ఇంకా మూడు వరసలున్నయ్యి. చదువు."

తనకు తెలిసినది అక్కడితో అయిపోయింది. అక్షరం కలపకూడదన్న నాన్న గొంతు చెవుల్లో వినిపిస్తూనే ఉంది. ఫెబా రెండో వరస మీదికి వేలు జరిపింది.

"అమ్మ అన్నం తిన్నాక కునుకు తీస్తది, లేపి మరీ చదవాలి."

"తీస్తా! నిజమే, తీస్తా" అంది రసూల్‌బీ, నవ్వుతూ ఏడుస్తూ.

"పారిజాతం ఏడిస్తే అమ్మ కూడా ఏడుస్తది. నేను నవ్వకూడదు." అని ఆగి, "ఇట్లు, రిహానా" అంది.

"ఏదీ? దాని పేరు ఏది ఇందులో? చూపించు."

ఫెబా రసూల్‌బీ చూపుడువేలు పట్టుకుని 'పిచ్చిది' అన్న మాట మీద పెట్టింది. ఆ వేలు ఆ మూడక్షరాల మీద అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నెమ్మదిగా తిరిగింది. బతుకులో ఫెబా చాలా చూసింది, మొగుడి శవాన్ని చూసింది. దేన్ని చూడడానికీ ఇంత కష్టపడలేదు.

"వినిపించాలని రాసిందిగా. అయితే మిగతాది కూడా వినిపించు" అంది రసూల్‌బీ కళ్ళు తుడుచుకుని. ఫెబా కాగితాలు వరస సరిచేసుకుని రెండు వందల పదమూడు నుంచి చదివింది. అక్షరం మింగలేదు, అక్షరం కలపలేదు.

మెట్ల మీద వచ్చింది రాజ్యలక్ష్మీదేవి. చచ్చిపోయిన రాజ్యలక్ష్మీదేవే, వజ్రాల గాజులతో సహా. ఆవిడ అసలు చావనే లేదట. బాదంపాలలో విషం లేదు, జాజికాయ ఉంది. దహనం చేసింది మైనపు బొమ్మను. పేద పిల్ల పారిజాతం తమ మేడకు తగిన కోడలవునా కాదా అని పరీక్షించడానికి ఆవిడ ఏడు నెలలపాటు తోటలో మాలి గుడిసెలో మారువేషంలో ఉంది. నాకు మొదటినుంచీ తెలుసు అన్నాడు విక్రమసింహ, చుబుకం బిగించి. ఇన్నాళ్ళూ నన్ను హంతకురాలన్నారే అని ఒక్క మాట అడగకుండా, పారిజాతం పన్నెండోసారి మూర్ఛపోయింది. ఈసారి ఆనందంతో, అతని చేతుల్లోకి. సమాప్తం.

"చచ్చిపోయినామె తిరిగొచ్చిందా?" అంది రసూల్‌బీ.

"చావలేదంటక్కా. ఉత్తుత్తిదేనంట."

"ఉత్తుత్తిదే." ఆ మాట ఇంకోసారి తనలో అనుకుంది. "నడుచుకుంటా మెట్లెక్కి వచ్చిందా?"

"వచ్చిందక్కా."

రసూల్‌బీ గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో ఎండ తప్ప ఏమీ లేదు. కాసేపటికి కాగితాలు పోగుచేసి, అంచులు సరిచేసి, చున్నీలో పెట్టి, మూటను ఫెబా వైపు జరిపింది. "తీసకపో. షెడ్డులో చదవాలిగా నువ్వు. నీ చోటు పోద్ది."

ఇందుకే గదా వచ్చింది. ఫెబా మూట మీద చెయ్యి వేసి, వెనక్కి జరిపేసింది. "నీ దగ్గరే ఉండనీ. కథ నాకు గుర్తుంది, నోటితో చెప్తాను."

సోమవారం పొద్దున గుమ్మంలో కూర్చుని, మూసిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఫెబా ముగింపు చెప్పింది. కాగితాలు ఎవరి దగ్గరున్నాయో చెప్పలేదు, చదివినామె ఒకరు చెప్పారని మాత్రం అంది. మాలి గుడిసె, మైనపు బొమ్మ, జాజికాయ, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. వెంకటరావమ్మ చేతిలోని కాయ కుప్పలోకి విసిరింది.

"చచ్చినామె తిరిగిరావడమేందే! జాజికాయంట! మూడు వారాలు మమ్మల్ని కూర్చోబెట్టింది ఇందుకా?"

"అట్టానే ఉంది పిన్నీ."

"ఏళ్ళనుంచి వింటున్నాం, ఏ రచయిత్రీ ఇంత అన్నాయం చెయ్యదు. కాగితాలు దొరక్క నువ్వే అల్లావు. దోసిలి పోద్దని."

"లేదు పిన్నీ, ఒట్టు. ఉన్నదే చెప్పా."

"అయితే ఏదీ, చూపించు. ఎవరు చెప్పారు నీకు? పేరు చెప్పు."

కుప్పకు అవతల రసూల్‌బీ ముచ్చికలు తీస్తున్న చేతులు ఆగిపోయాయి. ఆమె పెదవులు కదిలాయి. ఫెబా ఆమెకేసి చూసి, వద్దన్నట్టు కొద్దిగా తల ఊపింది.

"చూశారా, పేరు లేదు. ఇన్నాళ్ళూ ఎన్ని అల్లిందో ఏమో" అని ఎవరో వెనకనుంచి అన్నారు. తొమ్మిదేళ్ళ పేరు ఆ ఒక్క మాటతో పోయింది. కోపం రావలసిన చోట ఫెబాకు కోపం రాలేదు. నేరం వేరే ఉంది, శిక్ష మాత్రం సరిగ్గానే వచ్చిందని అనిపించింది.

లిడియా ఫోనును బోర్లించిన సత్తుగిన్నె మీద పెట్టి స్పీకరు పెంచింది. లోపలినుంచి ఒక ఆడగొంతు, దగ్గూ ఆయాసమూ లేని గొంతు, ఇంకో మేడ గురించి చెప్పడం మొదలుపెట్టింది. లక్ష్మీకాంత్ ఖాళీ తట్ట ఒకటి కాలితో కుప్ప దగ్గరికి నెట్టాడు. ఫెబా లేచి, తువ్వాలు ముక్కుకు కట్టుకుని, రసూల్‌బీ పక్కన ఉన్న జాగాలో కూర్చుంది.

సాయంత్రానికి తట్టలో పావు వంతు కూడా నిండలేదు. వేళ్ళు పొంగాయి. ప్రతి గుక్కకూ ఛాతీలో ఈలలాంటి చప్పుడు. కాటా వేసే వేళకు అందరూ తమ తట్టలు మోసుకుని ఫెబా ముందు నుంచే వెళ్ళారు, ఎవరూ ఆగలేదు. చివరికి రసూల్‌బీ ఒక్కతే వంగి, తన తట్టలోంచి రెండు చేతుల నిండా కాయలు తీసి ఫెబా తట్టలో పోసింది.

"వద్దక్కా" అంది ఫెబా. "నేను చదవలేదుగా ఇయ్యాల."

"నిన్న చదివావుగా." రసూల్‌బీ ఆమె చెవి దగ్గరికి వంగింది. "ఆళ్ళెన్నయినా అనుకోనీ. నువ్వు ఉన్నదే చదువుతావు. నాకు తెలుసు."

ఫెబాకు దగ్గు తెర వచ్చింది. అది ఎంతకీ ఆగలేదు. రసూల్‌బీ ఆమె వీపు రాస్తూ, ఘాటుకేనమ్మా, ఘాటుకే అంటూ పక్కనే కూర్చుంది.